ఆగమ్మ చెవి

గౌలిపురలో మా గల్లీకి వచ్చి ఆగమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. "కోళ్ళ కూత వినబడ్తలేదా? గటే పో" అంటారు. ఇంటి వెనక దొడ్డి. ఆ దొడ్డిలో నాటుకోళ్ళు, రెండు జతల బాతులు, అయిదారు గిన్నెకోళ్ళు, మెడ కింద ఎర్రటి తోలు వేలాడేసుకుని దొరసానిలా తిరిగే టర్కీ కోడి ఒకటి. ఇవి కాక గల్లీ వాళ్ళ మొక్కు పుంజులు. మా ఇళ్ళు ఇరుకు, దొడ్లు లేవు. బోనాలకు అమ్మవారికి పుంజును మొక్కుకున్న వాళ్ళు రెండు మూడు నెలల ముందే కొని ఆగమ్మ దగ్గర వదులుతారు. ఎవరిది ఏదో తెలియడానికి కాలికి ఒక్కో రంగు దారం. పండగ నాటికి అది నిగనిగలాడుతూ ఇంటికి చేరుతుంది. ఈ సంగతి జరిగిన ఏడాది అలాంటివి పదకొండు. అన్నీ కలిపితే నలభై దాకా ఉండేవి.

ఆగమ్మ మొదటి నుంచీ కోళ్ళ మనిషి కాదు. ఆమె మొగుడు పెంటయ్య నల్లా ఆఫీసులో పనిచేసేవాడు. రోడ్డు కింద పైపు ఎక్కడ పగిలిందో కనిపెట్టడం ఆయన పని. నిలువెత్తు ఇనుప కడ్డీ ఒకటి ఉండేది. దాని ఒక కొన నేలకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వినేవాడు. ఆయన పోయాక ఉద్యోగం ఆగమ్మకు ఇచ్చారు, ఊడ్చే పని. ఒకనాడు మా గల్లీ మొదట్లో మూడు చోట్ల తవ్వినా లీకు దొరకలేదు. ఇంజనీరు సార్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఆగమ్మ చీపురు గోడకు ఆనించి, కడ్డీ తెచ్చి, నాలుగు చోట్ల విని, "గీడ తవ్వుండ్రి సార్" అంది. నవ్వుతూనే తవ్వారు. మోకాలి లోతులో నీళ్ళు చిమ్మాయి. నేను నా గడపలో నిలబడి చూసిన సంగతి ఇది, ఎవరో చెప్పింది కాదు. రిటైరయ్యే దాకా ఆమె చేతికి మళ్ళీ చీపురు ఇచ్చే ధైర్యం ఎవరికీ రాలేదు. ఆ తర్వాతే ఈ కోళ్ళు.

అంత చూసి కూడా నేను ఆమెకు బుద్ధులు చెప్పబోయాను. అదే నేను చేసిన తప్పు.

మోకాలి ఆపరేషన్ అయ్యి నా కాళ్ళ మీద నేను నడిస్తే అమ్మవారికి పుంజునిస్తానని మొక్కుకున్నాను. నడిచాను. నడుచుకుంటూనే అంగడికి పోయి, చూసిన వాళ్ళు ఆగి మళ్ళీ చూసేంత పుంజును తెచ్చాను. అమ్మినవాడు "అసీల్ ఖూన్ హై అమ్మా, షేర్ హై షేర్" అని, మేలుజాతి నెత్తురనీ పులి అనీ పొగిడాడు. ఎర్రదారం కట్టి ఆగమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని తీసుకుపోయి బాత్రూం పక్కన జాలీ డబ్బాలో పెట్టింది. కొత్తగా వచ్చిన ఏ కోడినైనా పదిహేను రోజులు అక్కడే ఉంచాలని ఆమె పద్ధతి.

"అమ్మవారి పుంజును కక్కసు పక్కన పెడ్తవానే?" అన్నాను.

"కక్కసైతేంది వదినె? మంద నుంచి గదే దూరం. దాని దమ్ము ఎట్లున్నదో పదిహేను దినాలు ఇనాలె."

"నీకు మడి, శుభ్రం ఏమన్న ఉన్నదా?"

"ఉంటే నల్లా గుంతలల్ల దిగుదునా?"

ఆమె నవ్వింది. నాకు మాత్రం కడుపు మండింది. దేవుడి వస్తువు అక్కడ ఉండటమేమిటి? మూడో రోజు ఆమె జొన్నలకు అఫ్జల్‌గంజ్ పోయింది. కూరగాయల తొక్కలు వేసే వంకతో నేను దొడ్లోకి పోయి, డబ్బా తీసి, పుంజును మందలో వదిలేశాను. సాయంత్రం ఆమె అడిగితే, "డబ్బా తలుపు ఊడింది, అదే బయటికొచ్చింది" అన్నాను. ఆగమ్మ తలుపు కొక్కెం వైపు చూసింది. అది గట్టిగానే ఉంది. "ఇంక మందల తిరిగినంక ఇయ్యాల తీసేం లాభం" అని ఊరుకుంది.

పది రోజులు దాటాయి. మొదట ఒక గిన్నెకోడి మెడ చాచి నోరు తెరిచి ఊపిరి లాగడం మొదలుపెట్టింది. మరుసటి రోజు నాటు పెట్టల కళ్ళలో సబ్బు నురగలాంటి బుడగలు. ముక్కుల్లో చీమిడి, తుమ్ములు. ఒక పెట్టకు ముఖం ఒక పక్క ఉబ్బి కన్ను మూతపడింది. నాలుగో రోజుకు రెండు చచ్చాయి. గల్లీలో లొల్లి మొదలైంది. బర్డ్ ఫ్లూ అని ఒకరు, చేతబడి అని ఒకరు.

పశువుల ఆస్పత్రి నుంచి నందిని అనే డాక్టరమ్మ వచ్చింది. నోటికి గుడ్డ, చేతులకు తొడుగులు. చచ్చినవాటిని పరీక్షకు పంపింది. రెండు రోజులకు బర్డ్ ఫ్లూ కాదని, కొక్కెర తెగులు కూడా కాదని చెప్పింది. ఇది ఊపిరితిత్తులకు పట్టే జబ్బు, ఒకదాని దమ్ము ఇంకొకదానికి తగిలితే చాలు అంటుకుంటుంది. పట్టినవాటిని వేరు చేసి నోట్లో మందు పోస్తే చాలావరకు బతుకుతాయి.

"కష్టమేమిటంటే, ఏది బాగుందో చూస్తే తెలియదమ్మా" అంది డాక్టరమ్మ. "బయటికి కనిపించేసరికి పక్కవాటికి అంటించేసి ఉంటుంది."

"చూసుడెందుకు? పొద్దుగూకనియ్యి" అంది ఆగమ్మ.

దీపాలు పెట్టే వేళకు కోళ్ళన్నీ దొడ్డి షెడ్డులో దూలాల మీద ఎక్కి కూర్చున్నాయి. గల్లీలో ఆటోలు, మసీదు అజాన్, ఎవరింట్లోనో కుక్కర్ కూత. ఆగమ్మ పెంటయ్య కడ్డీ తెచ్చింది. ఒక కొనను దూలం మీద, కోడి కాళ్ళ పక్కన ఆనించింది. రెండో కొనను చెవికి పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నేనూ డాక్టరమ్మా గంపలు పట్టుకుని నిలబడ్డాం.

"పచ్చదారం, గురక ఉన్నది. తియ్యి వదినె."

నేను పచ్చదారం పుంజును తీసి గంప కింద వేశాను.

"దీని పక్క పెట్ట, లేదు. మచ్చల పెట్ట, ఉన్నది. పసుపుదారం, లేదు. టర్కీకి ఉన్నది గని ఇంక గొంతులనే ఉన్నది, దిగలే."

ఒక్కొక్కదాని దగ్గర పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. ఎక్కడా తడబాటు లేదు. డాక్టరమ్మ తన చెవి గొట్టాలు తీసి, ఆగమ్మ వేరు చేసినవాటిని మళ్ళీ పరీక్షించింది. "గురక ఉంది... దీనికీ ఉంది..." అంటూ వచ్చి ఒక బూడిదరంగు పెట్ట దగ్గర ఆగిపోయింది.

"దీనికి నాకేమీ వినిపించడం లేదమ్మా."

"రేపు నీకు గుడ ఇనబడ్తది బిడ్డా."

మర్నాడు పొద్దున ఆ పెట్ట నోరు తెరుచుకుని కూర్చుంది. డాక్టరమ్మ దాన్ని చూసి, ఆగమ్మను చూసి, చెవి గొట్టాలు మెల్లగా సంచిలో పెట్టుకుంది. పండితులను చూశాను, స్వాములను చూశాను, నా తల వంగలేదు. చిరిగిన కొంగుతో కోళ్ళ మధ్య నిలబడ్డ ఈ మనిషి ముందు వంగింది.

అప్పటి నుంచి రోజుకు రెండు పూటలు మందు. నేను కోడిని ఒళ్ళో పెట్టుకుని నోరు తెరవాలి, ఆగమ్మ పోయాలి. నా చేతుల నిండా గీతలు. ఎర్రదారం పుంజు నా చేతికి వచ్చిన ప్రతిసారీ దాని మెడ పట్టుకుని వేరే దిక్కుకు చూసేదాన్ని.

ఇంకో మూడు చచ్చాక కిరాణా కొట్టు ప్రేమ్‌రాజ్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. వాడిదీ ఒక మొక్కు పుంజు ఉంది, నీలిదారం.

"ఆగమ్మా, మా కోళ్ళు మాకిచ్చెయ్. బతికుండంగనే తీస్కపోతం."

"ఇయ్య. ఇంటింటికి కొంటవోతే గల్లీ గల్లీకి పాకుతది. మందు వడ్డది, గిన్ని దినాల దాక కోసుకొని తినొద్దని డాక్టరమ్మ చెప్పింది."

"నీ దొడ్డి గలీజు కాబట్కే గీ రోగం. రేపు మున్సిపాల్టీ వాళ్ళను తోల్కొస్త. అన్నీ పట్కపోయి పూడ్చిపెడ్తరు. అప్పుడేమంటవ్?"

వెనక వాళ్ళు "సహీ బాత్ హై" అని వంత పాడారు. ఆగమ్మ ఒళ్ళో మచ్చల పెట్ట ఉంది. దాని కంటి నురగ తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఇంజనీర్ల ముందు బెదరని మనిషి ఆ మాటకు పెట్టను గుండెకు అదుముకుంది. తప్పు ఎవరిదని అడిగే వాళ్ళే లేరు. నేను నోరు మూసుకుంటే అది అలాగే ఉండిపోయేది.

"గలీజు ఆమెది కాదురా ప్రేమ్‌రాజ్" అన్నాను. "నాది. అంగట్లకెల్లి తెచ్చిన పుంజును ఆమె దూరం పెట్టింది. ఆమె లేంది జూసి నేనే మందల ఇడిచిన. డబ్బా తలుపు ఊడిందని అబద్ధం గుడ చెప్పిన."

ప్రేమ్‌రాజ్ నోరు తెరిచాడు. "నువ్వా పెద్దమ్మా? మా అందరికి నీతులు చెప్తవ్ గద?"

"చెప్త. రేపు గుడ చెప్త. మున్సిపాల్టీని పిలువు, ముందుగాల నా ఇల్లు చూపియ్యి. కోళ్ళ జోలికొస్తే మాత్రం నీ కొట్టు ముందర కూసొని నీ చిన్నప్పటి సంగతులన్నీ గల్లీకి ఇనిపిస్త."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రేమ్‌రాజ్ చెవులు ఎర్రబడ్డాయి. "బోనాల దాక ఆగుత. గంతే" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒక్కటే చచ్చింది, ముసలి బాతు. మొత్తం ఆరు పోయాయి, మిగతావి నిలబడ్డాయి. మొక్కు పుంజులు పదకొండూ బతికాయి. జబ్బు తగ్గినా అది వాటి ఒంట్లో దాగే ఉంటుందని, మందలోకి కొత్త కోడిని చేర్చవద్దని, ఇక్కడివాటిని ఇంకో మందకు ఇవ్వవద్దని డాక్టరమ్మ చెప్పింది. అందుకని ఆ ఏడాది పుంజులు ఎవరి ఇంటికీ పోలేదు. మందు గడువు దాటాక, పండగ రోజు ఆగమ్మ దొడ్డి నుంచి నేరుగా గుడికే పోయాయి.

పండగకు ముందు రోజు సాయంత్రం ఆగమ్మ చివరిసారి అన్నింటినీ విని వచ్చి నా పక్కన కూర్చుంది. ఎక్కడా గురక లేదంది. నేను ఉండబట్టలేక అడిగాను.

"నేను చెప్పిందాక నీకు అనుమానం గుడ రాలేదానే?"

"తలుపు కొక్కెం చూసిననాడే ఎరుక. మొదటిసారి ఇన్ననాడు పక్కా అయింది. గిన్నెకోడి ముందు పడ్డది గని, నీళ్ళు పైకొచ్చిన కాడ లీకు ఉండది వదినె. ఎర్రదారం పుంజుకే గురక అన్నిటికంటె లోతున్నది. ఆడికెల్లి ఒక్కొక్కటే పక్కకు పాకింది."

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితే నువ్వు నామీద లేచి, తలుపేస్కొని ఇంట్ల కూసుందువు. రెండు పూటల గన్ని కోళ్ళ నోర్లు ఎవ్వలు తెర్వాలె?"

అన్ని రోజులు నా పక్కనే కూర్చుని, నా చేతి గీతలకు పసుపు రాసి, నాకు చాయ్ పోసింది. అంతా తెలిసే. కోళ్ళ దమ్ము విన్నట్టే నన్నూ విన్నది.

ఆగమ్మ లేచి షెడ్డు తలుపు వేసింది. "పండుగ దాటినంక పొద్దుగాల రా. గూటికి సున్నం కొట్టాలె, నాతోని ఒక్కదానితోని కాదు" అంది.

వెళ్ళాను.