నేను అంటగట్టిన రెప్పపాటు

పులస తినేటప్పుడు ముల్లు గొంతులో దిగితే ఉత్త అన్నం ముద్ద మింగమంటారు. ఏడెనిమిదేళ్ళుగా నేను మింగుతూనే ఉన్నాను. ముద్ద దిగుతుంది, ముల్లు దిగదు. అలాగని ప్రాణం మీదికి వచ్చిందేమీ లేదు. పాఠం చెప్పగలను, నవ్వగలను, పెళ్ళి భోజనాల్లో రెండో పూతరేకు అడిగి మరీ వేయించుకోగలను. చూసేవాళ్ళకి ఏమీ తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇలాంటి మాట చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి పరిచయం ఉండదనుకుంటాను. తెలిసినవాళ్ళ దగ్గర రెండు మూడుసార్లు నోరు తెరిచాను గానీ, తెరిచిన ప్రతిసారీ బయటికి జోకు వచ్చింది. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ముల్లు ఉన్నచోటే ఉంది.

అమలాపురంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ రోజుల్లో సాయంత్రాలు తుపాకీ కాల్చేవాణ్ణి. కోనసీమలో తుపాకీ ఏమిటని మా బంధువులంతా అడిగారు కాబట్టి మీరూ అడగొచ్చు. గాలి పిస్తోలు. సైన్యంలో పనిచేసి ముక్తేశ్వరం వచ్చి స్థిరపడ్డ ఒక సుబేదారు గారు, తన పాత కురిడీ కొబ్బరికాయల గోడౌను ఖాళీ చేసి మాకు నేర్పేవారు. ఒకచోట నిలబడి ఒకే గుండ్రాన్ని కాల్చే ఆట కాదది. గోడౌన్లో అక్కడక్కడా అట్ట బొమ్మలు నిలబెడతారు, కొన్ని డ్రమ్ముల చాటున, కొన్ని తలుపు సందున. బజరు మోగగానే నడుం దగ్గరున్న ఒరలోంచి పిస్తోలు తీసి, ఒక గీత నుంచి ఇంకో గీతకి పరుగెత్తుతూ ఒక్కో బొమ్మని రెండేసి సార్లు కొట్టాలి. వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు. తొందరపడితే పై అంకె తగ్గుతుంది, నిదానిస్తే కింది అంకె పెరుగుతుంది. ఎటు చూసినా తప్పించుకునే దారి ఉండదు.

నేను ఒళ్ళు దాచుకోకుండా నేర్చుకున్నాను. ఇంట్లో నా సొంత పిస్తోలుని, గుండ్లు లేకుండా, ఒరలోంచి తీయడం, గోడమీద గురిపెట్టడం, మళ్ళీ ఒరలో పెట్టడం, మళ్ళీ తీయడం. మా అమ్మ ముందుజాగ్రత్తగా వెంకటేశ్వరస్వామి కేలండరుని హాల్లోంచి వంటింట్లోకి మార్చింది. గోడౌనుకి వచ్చే ఐదారుగురిలో నేనే మెరుగు. ఐదారుగురిలో మొదటివాణ్ణి కావడం గొప్ప కాదని అప్పుడూ తెలుసు. కానీ జీవితంలో నాకు దొరికిన మొదటి స్థానం అదొక్కటే. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకే తెలియదు, కల్యాణి వచ్చేదాకా.

ఆమె పేరు కల్యాణి కాదు. అలా అనుకుందాం. బండారులంక అమ్మాయి. డిగ్రీ చదివి అమలాపురంలో ఒక చీరల కొట్టులో బిల్లులు వేసేది. సుబేదారు గారి భార్యకి వరసకి మేనకోడలు అవుతుంది. ఒకరోజు వాళ్ళింటికి వచ్చినప్పుడు ఆయన "ఓసారి పట్టుకు చూడమ్మాయ్" అంటే సరదాగా పట్టుకుంది. ఇక వదల్లేదు. గోడౌను పిస్తోలు ఇంటికి తీసుకెళ్ళే వీలులేక కొబ్బరి మట్టని పిస్తోలులా చెక్కించుకుని, చీరల కొట్టు వెనక గదిలో భోజనాల వేళ దాంతోనే సాధన చేసేది. "మట్టతో గురి కుదిరేటట్టయితే కొబ్బరి దింపు తీసేవాళ్ళంతా ఈపాటికి దేశానికి ఆడుండాలి" అన్నాను. అందరికన్నా ఎక్కువ తనే నవ్వింది. ఏడాది తిరక్కుండానే నాకు దరిదాపుల్లోకి వచ్చేసింది. ఆ తర్వాత నేను ఆ మట్ట మీద జోకులు వేయలేదు.

ఆమెలో ఉన్నదేమిటో చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

పిస్తోలు పేలినప్పుడు దాని కొసనున్న గురిముక్క రవ్వంత పైకి లేస్తుంది. లేచే ఆ క్షణంలో అది ఎక్కడుందో కన్ను పట్టుకుంటే, గుండు ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది. బొమ్మ వంక చూడక్కర్లేదు. అంత దూరం నుంచి అట్టమీద చిల్లు ఎలాగూ కనపడదు. తగిలిందని తెలిస్తే తర్వాతి బొమ్మకి పరుగెత్తడమే. తెలియనివాడు ఆగుతాడు, తేరిపార చూస్తాడు, అనుమానం తీరక ఇంకో గుండు కాలుస్తాడు. మేమంతా తెలియనివాళ్ళం. కల్యాణికి తెలిసేది. కాల్చిన గుండు సంగతి గుండుకే వదిలేసి వెళ్ళిపోయేది. చివర్లో అట్టలు దింపి చూస్తే తను చెప్పినచోటే చిల్లులు.

అది కుదరాలంటే పేలే క్షణంలో కన్ను మూతపడకూడదు. అందుకే సుబేదారు గారు మమ్మల్ని జతలుగా పెట్టేవారు. ఒకరు కాలుస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి వాళ్ళ కళ్ళనే చూడాలి. నాకు జత కల్యాణి. మొదటి వారంలోనే చెప్పింది, నేను రెప్ప వేస్తున్నానని. మొహమాటపడుతూ, నలుగురూ లేనప్పుడు. నిజమే. అప్పటిదాకా నాకా సంగతి తెలియదు. తెలిశాక నాలుగు నెలలు నరకం చూశాను. రెప్ప వేయకూడదని అనుకుంటే రెప్ప తప్ప ఇంకేమీ గుర్తుండదు. ప్రతి దెబ్బకీ నా కన్నే నాకు శత్రువు. ఓపిగ్గా పక్కన నిలబడి, "ఇప్పుడు వెయ్యలేదండి, ఇప్పుడు వేసేరండి" అని చెబుతూ నన్ను బాగుచేసింది ఆమే.

అంటే, ఆ మాట మనిషిని ఏం చేస్తుందో ఈ భూమ్మీద అందరికన్నా నాకు బాగా తెలుసు. ఇది గుర్తుంచుకోండి. నేను ఎప్పుడూ మర్చిపోలేదు.

జాతీయ పోటీకి మా గోడౌను నుంచి ఒక్కరే వెళ్ళాలి. సుబేదారు గారి పాత స్నేహితుడు హైదరాబాదులో కాల్పుల రేంజి నడుపుతున్నాడు, అక్కడ నేర్పే ఉద్యోగానికి ఒక అమ్మాయి కోసం చూస్తున్నాడు, పోటీకి వస్తాడు. కల్యాణి ఆట చూస్తే వదలడని సుబేదారు గారు ఆమెతోనే అన్నారు. ఇంకోపక్క వాళ్ళ పిన్ని కువైట్ నుంచి వీసా పంపిస్తానంటోంది. "ఏది ముందొస్తే అందులో ఎక్కేస్తానండి" అని నవ్వేది గానీ, ఏది ముందు రావాలని ఉందో మాకందరికీ తెలుసు.

ఎంపికకి ఇంకా మూడు వారాలుంది. ఆ సాయంత్రం సుబేదారు గారు గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు. కల్యాణి ఒక రౌండు ముగించింది. ఇన్నాళ్ళలో అంత అందమైన రౌండు నేను చూడలేదు. పిస్తోలు ఖాళీ చేసి, ఒరలో పెట్టి, నావైపు తిరిగింది.

"ఎలాగుందండీ మాస్టారూ?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే బాలేదన్నమాట. మీరు జోకెయ్యలేదంటే ఏదో ఉందండి. చెప్పేయండి."

"ఏం లేదులే."

"అదిగో! మా అమ్మ కూడా అంతేనండి. కూరలో ఉప్పెక్కువైతే, ఏం లేదులే అంటది."

"రెప్ప వేస్తున్నావు."

"నేనాండీ?"

"రెండో దెబ్బకి. ప్రతిసారీ కాదు."

"ఎప్పట్నుంచండీ?"

"కొన్నాళ్ళుగా చూస్తున్నాను. ఖాయం చేసుకున్నాక చెబుదామని ఆగాను."

"మరి నాకు గురి కనపడతానే ఉందండీ!"

"కనపడుతున్నట్టే ఉంటుంది. నాకూ అలాగే ఉండేది. అది కన్ను చూసింది కాదు, మనసు అనుకున్నది."

ఆమె అట్ట బొమ్మల వైపు చూసింది. తర్వాత తన చేతి వైపు చూసుకుంది, తప్పు అక్కడెక్కడో ఉన్నట్టు.

"ఆయ్," అంది. "మంచి పని చేసేరండి చెప్పి. ఇంకొకరైతే పోటీ కదాని చెప్పేవోరు కాదు."

అదీ జరిగింది. మీరు ఇంకేదో పెద్దది ఊహించి ఉంటారు. పిస్తోలు పాడుచేయడం, గుండు తగలడం లాంటిది. అంత శ్రమ నేను పడలేదు.

ముందే అనుకుని చెప్పానా? నోరు జారిందా? ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న దగ్గరే తచ్చాడాను. నోరు జారిందని చెప్పుకోవడం హాయిగా ఉంటుంది. కానీ నోరు జారినవాడు రెండో దెబ్బకి అని ఎందుకంటాడు? ప్రతిసారీ కాదు అని ఎందుకు చేరుస్తాడు? అబద్ధం నిలబడాలంటే కాస్త అనుమానం కలపాలని తెలిసినవాడే అలా కొలిచి మాట్లాడతాడు. పైగా, ప్రతిదానికీ వేళాకోళమాడే మనిషి ఒక్కసారి మొహం సీరియస్‌గా పెడితే ఎవరైనా నమ్ముతారు. ఆ సంగతి కూడా నాకు తెలిసే ఉంటుంది.

నాలుగైదు రోజుల్లో ఆమె ఆటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య చిన్న ఆలస్యం వచ్చింది. తర్వాత ఫోను నా చేతికిచ్చి, స్లో మోషన్లో తీయమంది. తీస్తే నా అబద్ధం బయటపడుతుంది. తీయకపోయినా పడుతుంది. తీశాను. ఇద్దరం తలలు దగ్గరపెట్టి చూశాం. మొదటి దెబ్బకి కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండోదానికి ముందు, నెమ్మదిగా, దుకాణం షట్టరు దించినట్టు, రెప్పలు దిగాయి.

"చూసేరా! మీరన్నట్టేనండి," అంది.

నేను చెప్పేనాటికి లేనిది ఐదు రోజుల్లో ఆమె కంట్లోకి వచ్చేసింది. అక్కడ ఆగి చెప్పి ఉండొచ్చు. ఇది నీది కాదమ్మాయ్, నేను పెట్టింది, ఇంకా పచ్చిగానే ఉంది, తీసేయొచ్చు అని. నాకు మటుకు ఏమనిపించిందో తెలుసా? హాయిగా అనిపించింది. ఇక అది అబద్ధం కాదు కదా, సాక్ష్యం కూడా ఉంది కదా, అని. మొదటి మాట అసూయతో అన్నాననుకుంటే, మనుషులకి అసూయ మామూలే అని ఎక్కడో సరిపెట్టుకోగలను. ఈ హాయిని మాత్రం ఎక్కడ సర్దాలో తెలియదు.

ఎంపిక రోజు ఆమె ప్రతి బొమ్మ దగ్గరా ఆగింది. కాల్చి, తేరిపార చూసి, మళ్ళీ కాల్చింది. ఒక గీత దాటాక వెనక్కి వచ్చి మరీ చూసింది. అట్టలు దింపితే అన్నీ మొదటి దెబ్బలకే సరిగ్గా తగిలి ఉన్నాయి. "బొమ్మనెందుకమ్మా చూడ్డం? అది నీకు చెప్పేదేముంది?" అన్నారు సుబేదారు గారు. తిట్టలేదు. ఆయనకి అర్థం కాలేదు, అంతే. ఆమె నావైపు చూసి, మనిద్దరికే తెలిసిన సంగతిలే అన్నట్టు కాస్త నవ్వింది.

పోటీకి నేను వెళ్ళాను. నన్ను నేను కాల్చుకోకుండా తిరిగొచ్చాను. నా ఫలితంలో చెప్పుకోదగ్గది అదే. హైదరాబాదు ఆయనకి ఇంకో అమ్మాయి దొరికింది. కల్యాణికి వీసా ముందొచ్చింది.

కువైట్ అంటే పాతాళమేం కాదు. ఇటువైపు ఊళ్ళల్లో వీధికి నలుగురు వెళ్తారు, ఇళ్ళు కట్టుకుంటారు, చెల్లెళ్ళని చదివిస్తారు. ఈ వాదన నేను చాలా రాత్రులు నాకు వినిపించుకున్నాను. మంచి వాదనే. ఆ వెళ్ళేవాళ్ళలో ఎంతమందిని నేను పంపాను అన్నచోట మాత్రం తేలిపోతుంది. తను వెళ్ళిన కొన్నాళ్ళకి భుజం నొప్పి అని చెప్పి ఆట మానేశాను. భుజానికేమీ కాలేదు.

కిందటేడు సెలవు మీద వచ్చినప్పుడు అమలాపురం బస్టాండులో కనిపించింది. కాస్త ఒళ్ళు చేసింది. అదే నవ్వు. రాజోలులో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తోంది. రాజోలు బస్సు ఎదురుగానే ఉంది, బోర్డుమీద అడుగేసి అక్షరాలతో. ఆ బోర్డు చూస్తూనే నన్నడిగింది, "ఇది రాజోలు బస్సేనాండీ?" అవునన్నాను. వెళ్ళి కండక్టరునీ అడిగి వచ్చింది. నేను వింతగా చూశానేమో.

"అలవాటైపోయిందండి. గేసు కట్టేనా, తలుపేసేనా, ఒకటికి మూడుసార్లు చూస్తాను. నా కళ్ళని నేను నమ్మనండి మరి. అప్పుడు మీరు పట్టుకోబట్టి సరిపోయింది గానీ, పోటీకెళ్ళి అంతమందిలో పరువు తీసుకుందునండి."

చెప్పాల్సిన క్షణం అంతకన్నా మంచిది రాదు. బస్సు కదలడానికి ఇంకా టైముంది. నేను కండక్టరు మొహం మీద ఏదో జోకు వేశాను. కడుపారా నవ్వింది. వెళ్ళొస్తానండి అని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్నాక కూడా తల బయటపెట్టి బోర్డు కోసం చూసింది. అక్కణ్ణుంచి బోర్డు కనపడదు.

ఆమె నంబరు నా దగ్గరుంది. చెబితే ఏమవుతుంది? ఆమె కళ్ళు ఆమెకి తిరిగొస్తాయా? లేక కళ్ళతోపాటు, ఆ రోజుల్లో తన మేలు కోరినవాడు ఒకడుండేవాడన్న నమ్మకం కూడా పోతుందా? ఇలా ఆమె మంచికోసమే ఆగినట్టు రాయడం నాకు బాగా చేతనవును. అసలు సంగతి, భయం. అంత మర్యాదైన మనిషి నన్ను తిట్టకుండా ఊరుకుంటే ఏం చేయాలో నాకు తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కు మీకు లేదు. ఉన్న మనిషిని నేను అడగలేదు. ఇది రాస్తుంటే గుండెలో కాస్త గాలి ఆడుతోంది. దానివల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదని తెలుసు, అయినా ఆడుతోంది.

ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు రాసి వదిలేస్తాను. ఆ సాయంత్రం గోడౌన్లో వెలుతురు బాగానే ఉంది. నేను ఆమెకి చేతికందేంత దూరంలో నిలబడ్డాను. మొదటి బొమ్మ నుంచి ఆఖరి బొమ్మ దాకా ఆమె కళ్ళనే చూశాను. ఒక్కసారి కూడా రెప్ప పడలేదు.