ముందు కోత అంది పిన్ని

పిన్ని పోయిన సంగతి నాకు కంచె దగ్గర తెలిసింది. అప్పుడే తెల్లవారుతోంది. నేను పెరట్లో పళ్ళు తోముకుంటుంటే ఆమె కోడలు వచ్చి కంచె పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు.

"మేస్టారూ, అత్త పోయింది. ఇప్పుడే. నాను ఇంకా ముట్టుకోలేదు. ముట్టుకోవచ్చా?"

ఏళ్ళ తరబడి బడిలో సైన్సు చెబుతున్నాను. ఏ పిల్లా నన్ను ఇంత సూటిగా ప్రశ్న అడగలేదు. నాకు తెలిసిన జవాబు చెప్పాను. ఆమె విని కూడా ఆ ప్రకారం చేయలేదు. ఎందుకో మీకు అర్థం కావాలంటే పిన్ని గురించి కొంత చెప్పాలి.

ఆమె నాకు చుట్టం కాదు, తుష్నాబాద్‌లో పక్కింటావిడ. శ్రీకాకుళం తీరం నుంచి పెళ్ళయి, సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వచ్చింది. భర్త పట్టుకొచ్చిన చేపల్ని ఎండబెట్టి అమ్ముతూ సగం జీవితం గడిపింది. ఆయన పోయాక, ఆటో నడిపే కొడుకుతో, కోడలితో ఇక్కడికి మారింది. ఎండుచేపల వాసన ఇక చాలనుకుని, ఎవరో పుట్టగొడుగుల పెంపకం నేర్పుతున్నారంటే వెళ్ళి వారం రోజులు నేర్చుకుంది. పెరట్లో తాటాకుల షెడ్డు వేయించింది.

మొదటి పంటే పోయింది. గడ్డిని మంచినీళ్ళలో నానబెట్టి ఉడికించమని వాళ్ళు చెప్పారు. ఆమెకు మంచినీళ్ళ మీద నమ్మకం లేదు. కొడుకు చేత ఆటోలో డబ్బాలతో సముద్రపు నీళ్ళు తెప్పించి, అందులో నానబెట్టింది. ఉప్పునీళ్ళు తగిలితే ఏ పురుగూ ఉండదని చిన్నప్పటి నుంచీ విన్నదాయె. ఆ ఉప్పుకి పురుగులతో పాటు పుట్టగొడుగుల విత్తనమూ చచ్చింది. సంగతి తేలాక, గడ్డీ విత్తనమూ నింపిన సంచుల వైపు చూసి, "చేప అనుకున్నాను మేస్టారూ. గల్తీ నాదే," అంది.

రెండో పంటకి పచ్చబూజు పట్టింది. అప్పుడే నేను నా పాండిత్యం చూపించాను. ఫోన్‌లో ఆకులు కోసే చీమల వీడియో పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆ చీమలు మన దీవుల్లో లేవు, సముద్రాల అవతల ఎక్కడో అమెరికా అడవుల్లో ఉంటాయి. ఆకుల్ని ముక్కలుగా కోసి బారులు తీరి పుట్టలోకి మోసుకుపోతాయి. ఆ ఆకులు తినడానికి కాదు. వాటిని నమిలి మెత్తగా చేసి, దాని మీద ఒక రకం బూజుని పెంచి, ఆ బూజుతో పిల్లల్ని సాకుతాయి.

"అంటే అవీ మన పనే సేస్తన్నాయి," అంది పిన్ని, తలెత్తకుండా.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం కంచె దగ్గర నాకు పరీక్షే. వాటి బూజుతోటకి పచ్చబూజు పట్టదా? పడుతుంది, పట్టిన ముక్కని వెంటనే పీకి బయట పారేస్తాయి. కొత్త పుట్టకి విత్తనం ఎక్కడిది? రాణిచీమ పుట్టింటి నుంచి నోట్లో చిటికెడు తెచ్చుకుంటుంది. ఇది విని ఆమె చాలా సంతోషించింది. "పెరుగుకి తోడు పట్టికెళ్ళినట్టు," అంది. ఆ రోజు నుంచి పుట్టగొడుగుల విత్తనాన్ని తోడు అనే పిలిచింది.

చెత్తకుప్ప దగ్గర పనిచేసే చీమలు మళ్ళీ తోటలోకి రావని కూడా చెప్పాను. ముసలితనం వచ్చినవే ఎక్కువగా ఆ పనికి పోతాయని చెప్పాను. పాఠంలో ఉన్నదంతా ఒప్పజెప్పే అలవాటు నాది.

పిన్ని దాన్ని ఇంటి చట్టం చేసింది. పొద్దున్నే స్నానం, ఉతికిన బట్ట, ముందు షెడ్డులో కోత. ఆ తర్వాతే చెత్త, పొయ్యి, మనుషులు. లోపలి నుంచి బయటికి రావచ్చు. బయటి పని ముట్టుకున్నవాళ్ళు ఆ రోజుకి లోపలికి పోకూడదు. ఒకసారి నేను కుప్ప మీది కుళ్ళిన సంచిని కదిపి చూసి, నేరుగా షెడ్డులోకి దూరబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "రేపు రండి," అంది. మరునాడు టీ ఇచ్చి మరీ చూపించింది. పచ్చబూజు చాలావరకు తగ్గింది. పుట్టగొడుగులు పొద్దున బస్సులో పోర్ట్ బ్లెయిర్ హోటళ్ళకు పోయేవి.

కిందటి ఏడాది ఆమెకి ఆయాసం మొదలైంది. షెడ్డులో లేచే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదన్నాడు డాక్టరు. తాను కట్టించిన షెడ్డులోకి పోకుండా ఆమె ఉండగలదా అని నేను అనుమానపడ్డాను. ఆమె మాత్రం ఆ సాయంత్రమే కోడలికి తాళంచెవి ఇచ్చేసింది.

"ముసిలి సీమని కదా, నాను సెత్త వైపు," అంది నాతో.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం కష్టంగా అనిపించింది. మీరు చీమ కాదు పిన్నీ అనాల్సింది, అనలేదు.

అప్పటి నుంచి పొద్దున కోత అయ్యేదాకా కోడల్ని దగ్గరికి రానివ్వలేదు. అయ్యాక తల దువ్వించుకునేది, కాళ్ళు పట్టించుకునేది. మంచం పట్టాక ఒక మాట పదే పదే చెప్పింది. "నాను ఏ రోజు పోయినా, బస్, అంతే, ముందు కోత. తరవాతే నన్ను ముట్టుకో."

పోయిన రోజు నిండుగా కోత ఉంది. ఒక్కరోజు ఆగితే పుట్టగొడుగుల అంచులు పైకి తిరుగుతాయి, ఇక ఎవరూ కొనరు. అయినా నేను కంచె దగ్గర కోడలికి నిజమే చెప్పాను. "ముట్టుకోమ్మా. స్నానం చేసి వెళితే సంచులకి ఏమీ కాదు."

ఆమె కంచె వదిలింది. "మీరు సెప్పారు మేస్టారూ. అత్త సెప్పలేదు కదా," అని షెడ్డు వైపు వెళ్ళిపోయింది.

జంగ్లీఘాట్ నుంచి బంధువులు వచ్చేసరికి ఆమె లోపలే ఉంది. "అత్త సవం ఇంట్లో ఉంటే కోడలు పంట కోస్తంది, సూడండి," అంది ఒక పెద్దావిడ. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆ నియమం పెట్టి పోయిన పిన్ని మీదా, దానికి తగిన పాఠం చెప్పిన నా మీదా కూడా మండింది. "అది పిన్ని మాటే," అన్నాను. ఎవరూ నమ్మినట్టు లేరు.

షెడ్డు వల కిటికీలోంచి కోడలు కనిపిస్తోంది. ఒక్కొక్క గుత్తిని మొదలు దగ్గర మెలితిప్పి తీసి బుట్టలో పెడుతోంది. ఏడుస్తోంది. చేతులు శుభ్రంగా ఉండాలి కాబట్టి కళ్ళని భుజానికి రాసుకుంటోంది. తొందరపడలేదు, ఒక్క సంచినీ వదల్లేదు.

ఆఖరి గుత్తి కోసి, తలుపుకి తాళం వేసి, బుట్టని మొగుడి చేతికిచ్చింది. చేతులు కడుక్కోమని ఎవరో నీళ్ళచెంబు అందించబోతే తీసుకోలేదు. గబగబా ఇంట్లోకి వెళ్ళి, గడ్డిపరకలు అంటుకున్న తడిచేతులు రెండూ అత్త చెంపల మీద పెట్టింది. ఎవరు పిలిచినా తీయలేదు.