తానుబాయి చెప్పుల చప్పుడు

తానుబాయి సాత్‌పుతే వయసెంతో ఆమెకే సరిగ్గా తెలియదు. కానీ గల్లీలో ఎవరి చెప్పులు నడిచి వెళ్లినా అవి ఎవరి చేతి పనో తలెత్తకుండా చెబుతుంది. చూడక్కర్లేదు, వింటే చాలు. వాళ్ల ఊరు నంద్‌వాడిలో మగవాడన్నవాడు చెప్పులు కర్రుకర్రుమనకుండా నాలుగడుగులు వేస్తే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఆ కర్రు తోలుది కాదు. అడుగు తోలుకీ పై తోలుకీ మధ్య తానుబాయి దాచే తేలుకొండి మొక్క గింజలది. తోలు కోసేదీ కుట్టేదీ భర్త దగడూ. గింజలు ఎన్ని, ఎక్కడ అన్నది మాత్రం ఆమె సొంత విద్య. పహిల్వాన్‌కు ఏడు, పెళ్లికొడుక్కి ఐదు, ఇంట్లో తెలియకుండా పేకాటకు పోయేవాడికి ఒక్కటీ వద్దు.

ఇలాంటి గల్లీని ఉద్ధరించాలని నగరపాలికకు బుద్ధి పుట్టింది. స్థానిక వ్యాపారాభివృద్ధి విభాగం అని ఒకటి తెరిచారు. దానికి నలుగురు గుమాస్తాలు, ఒక జీపు, గోడమీద పైకి ఎగబాకే బాణం గీసిన పటం. వ్యాపారాన్ని పెంచడానికి వాళ్లు చేసిన మొట్టమొదటి పని ఉన్న దుకాణాలు పడగొట్టడం. పన్నెండు పడగొట్టి, అదే చోట పన్నెండు కట్టి, షట్టర్లు బిగించి, ‘హస్తకళా వీధి’ అని బోర్డు పెట్టారు. పాతవాళ్లకు తాళంచెవులు ఊరికే ఇచ్చేస్తే అది అభివృద్ధి ఎలా అవుతుంది? నాణ్యత ముద్ర పడినవాళ్లకే షాపు అన్నారు. పడనివాళ్లు బైపాస్ అవతల లారీలు ఆగేచోట కూర్చోవాలి. అక్కడ చక్రాలే తప్ప కాళ్లు కనిపించవు. పైగా దగడూ మోకాళ్లు అంత దూరం నడవడం మానేసి రెండేళ్లయింది.

ముద్ర కావాలంటే ముందు ఐదు రోజుల శిక్షణ. తాతకు దగ్గులు నేర్పే ఆ పనిని విభాగం అధికారి కార్ఖానీస్ సాహెబ్ స్వయంగా చూసుకున్నాడు. నున్నగా దువ్విన మనిషి, నల్లబూట్లు తప్ప చెప్పు తొడిగి ఎరగడు. మొదటి రోజే, “కస్టమర్ అంటే ఎవరు?” అని అడిగాడు.

“బేరమాడేవాడు,” అంది తానుబాయి.

ఆ జవాబు పుస్తకంలో లేదు. ఆమె పేరు పక్కన ఏదో రాసుకున్నాడు.

ఆరో రోజు పరీక్ష. తానుబాయి జతను బంట్రోతు తొడుక్కుని హాల్లో అటూ ఇటూ నడిచాడు. కర్ర్, కర్ర్. వాడి నడకలో ఎక్కడలేని దర్జా వచ్చింది.

“ఏంటి మావ్‌శీ ఈ చప్పుడు?” అన్నాడు కార్ఖానీస్. ఊళ్లో చిన్నా పెద్దా ఆమెను మావ్‌శీ, అంటే పిన్ని, అనే పిలుస్తారు.

“అదే సాహెబ్ సరుకంటే.”

“నా స్కూటర్ ఇలా మోగితే మెకానిక్ దగ్గరికి తోలుకెళ్తా, తెలుసా?”

“స్కూటర్‌ని కాళ్లకు తొడుక్కోరు కదా సాహెబ్!”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కార్ఖానీస్ కత్తి తెప్పించి చెప్పు అడుగు చీల్చాడు. ఏడు గింజలు రాలాయి. వాటిని పొట్లం కట్టి, ఫైలుకు పిన్ను గుచ్చి, పైన ‘తోలులో బయటి పదార్థం’ అని రాశాడు.

“ఇవి లేకుండా కుట్టించుకు రా. ముద్ర వేస్తాను. ఇది నీ ఒక్కదానికే కాదు, గల్లీ అందరికీ.”

ఇంటికొచ్చాక దగడూ జొన్న భాకరీ తుంచుతూ, “తీసేస్తే పోలా? గింజలు ముఖ్యమా, షాపు ముఖ్యమా?” అన్నాడు.

“మీ నాలుక కోసి మాట్లాడమంటే మాట్లాడతారా?”

“బైపాస్ దాకా నన్ను మోసుకెళ్తావా మరి?”

మర్నాడు గింజలు లేని జత ఒకటి తయారైంది. పని ముగిసేదాకా ఆమెకు తన చేతులను చూసుకోవాలంటే సిగ్గేసింది. ముద్ర పడింది.

ప్రారంభోత్సవానికి మేయర్ బాజీరావ్ థోరాత్ వచ్చాడు. ఒకప్పుడు తాలీమ్‌లో, అంటే కుస్తీ గోదాలో, మట్టి పూసుకున్న పహిల్వాన్. నంద్‌వాడిలో కొత్త అంగడి తెరిచేవాడు అందులోని మొదటి జత తొడుక్కుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం ఆనవాయితీ. కార్ఖానీస్ ఏరికోరి తానుబాయి ముద్ర జతను పళ్లెంలో పెట్టి అందించాడు. మేయర్ తొడుక్కుని, మీసం దువ్వి, ఛాతీ విరిచి నడక మొదలుపెట్టాడు. పదడుగులు వేశాడు. చప్పుడు లేదు.

“మేయర్ ఎటు పోయాడర్రా? వినపడ్డం లేదే!” అని వెనక నుంచి ఒక ముసలాయన అరిచాడు. వీధంతా గొల్లుమంది.

మేయర్ మొహం ఎర్రబడింది. కార్ఖానీస్ తానుబాయి చెవి దగ్గరికి వంగి, “మర్చిపోయానని చెప్పు మావ్‌శీ. సాయంత్రానికి తాళంచెవి నీ చేతిలో పెడతా,” అన్నాడు. పక్కన దగడూ ఒప్పుకోమన్నట్టు కళ్లతోనే బతిమాలాడు.

“మావ్‌శీ, మా నాన్న చెప్పులూ మీ ఇంటివే, నావీ మీ ఇంటివే. గింజలు మర్చిపోయావా?” అన్నాడు మేయర్.

అవుననడానికే ఆమె నోరు తెరిచింది. నలభై ఏళ్ల పనిని ‘మర్చిపోయాను’ అన్న ఒక్క మాటతో కాలవలో పారేయడం చేతకాలేదు.

“మర్చిపోలేదు పహిల్వాన్. గింజలు సాహెబ్ ఫైల్లో ఉన్నాయి.”

ఫైలు తెప్పించారు. మేయర్ పొట్లం పైన రాసింది గట్టిగా చదివాడు. “మా నాన్న పాతికేళ్లు తొక్కింది బయటి పదార్థమా?” అని, పొట్లం జేబులో వేసుకుని, పళ్లెంలో చెప్పులు విడిచి వట్టికాళ్లతో జీపెక్కాడు.

నిజం చెప్పిన నోటికి తాళం పడలేదు గానీ, షాపుకి పడింది. ఫైల్లో ఉండాల్సిన పొట్లం లేదు కాబట్టి ఫైలు అసంపూర్ణమట. ఫైలు పూర్తి కానిదే తాళంచెవి ఇవ్వరట. మిగతా పదకొండు మందికీ షాపులిచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. తానుబాయి ఏడో నంబరు షట్టర్ ముందు గోనెపట్టా పరిచి కూర్చుంది. కర్రుమనే చెప్పులు గోనెమీద అమ్ముడైపోతుంటే, షాపుల్లోని పదకొండు మంది నోరు లేని సరుకు ముందేసుకుని ఈగలు తోలుకుంటున్నారు. గింజలు పెడదామంటే ముద్ర పోతుంది, ముద్ర పోతే షాపు పోతుంది.

మూడు నెలలు గడిచాయి. నగరపాలిక వార్షికోత్సవం ఊరేగింపులో అధికారులంతా నంద్‌వాడి చెప్పులతో నడవాలని మేయర్ హుకుం జారీ చేశాడు. కార్ఖానీస్ గోనెపట్టా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఒక జత కావాలి మావ్‌శీ. కర్రుమనాలి.”

“అయ్యో, కర్రుమంటే లోపం కదా సాహెబ్! మీకు లోపమున్న సరుకు ఎలా ఇస్తాను? ముద్ర వేసినవి పదకొండు షాపుల నిండా ఉన్నాయి, మీ సంతకంతో సహా.”

ఆయన అటూ ఇటూ చూసి గోనెపట్టా ముందు గొంతుక్కూర్చున్నాడు. “ఏం కావాలో చెప్పు.”

“నా షాపు తాళంచెవి. చప్పుడు లోపం కాదని గల్లీ అందరి పేరా ఒక కాగితం.”

ఊరేగింపు ముందు రోజు తాళంచెవి వచ్చింది. కాగితం రాలేదు. “అది కమిటీకి పోవాలి మావ్‌శీ, వచ్చే నెల చూద్దాం,” అన్నాడాయన. తానుబాయి తలూపి జత అందించింది. కార్ఖానీస్ తొడుక్కుని అడుగేశాడు. కుడికాలు కర్ర్‌మంది. ఎడమకాలు ఉలకలేదు, పలకలేదు.

“ఇదేంటి, ఒక్కటే మోగుతోంది!”

“కుడికాలిది తాళంచెవికి సాహెబ్,” అంటూ ఆమె షట్టర్ పైకెత్తింది. “ఎడమకాలిది కాగితం వచ్చాక.”

మర్నాడు ఊరేగింపు గల్లీ మీదుగా పోతున్నప్పుడు తానుబాయి షాపులో కూర్చుని పట్టీ అల్లుతోంది. వందల కర్రుల మధ్య ఒక కర్రు వచ్చింది, దాని వెనక ఖాళీ వచ్చింది, మళ్లీ కర్రు, మళ్లీ ఖాళీ. అరుగుల మీద జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

“సాహెబ్ వెళ్తున్నాడు,” అంది ఆమె దగడూతో, తలెత్తకుండానే.

కమిటీ ఆ సాయంత్రమే కూర్చుంది.