చెవి సందున పెన్సిల్

ముప్పై ఏళ్లపాటు ఆ వడ్రంగి మేస్త్రి తన పెన్సిల్‌ను చెవి సందున తప్ప వేరొక చోట ఉంచి ఎరుగడు. ఆయన చెవులు తలకు అంటక, తెరిచిన తలుపు రెక్కల వలె పక్కలకు విచ్చుకొని ఉండేవి. వంగినా, నిచ్చెన ఎక్కినా పెన్సిల్ జారేది కాదు. చేటచెవుల మేస్త్రి అని తోటివారు పిలిస్తే నవ్వి ఊరుకొనేవాడు.

ఒక్కగానొక్క కూతురికి అవే చెవులు వచ్చాయి. తల్లి లేని పిల్ల కావడం చేత, బడి విడవగానే తండ్రి దుకాణానికి వచ్చి చెక్కపొట్టులో కూర్చొనేది. గీత గీసిన ప్రతిసారీ మేస్త్రి తలెత్తకుండానే ఆ పెన్సిల్‌ను ఆమె చెవి సందున దోపేవాడు. మళ్లీ కావలసినప్పుడు ఆమె తల వంచేది. పెద్దదయ్యాక బయట చెవుల మీదికి జుట్టు వదులుకొనేది గాని, దుకాణంలో మాత్రం ముడి వేసుకొనేది.

చదువు ముగించి, కళ్లద్దాల దుకాణంలో కొలువుకు కుదిరింది. చుట్టూ అద్దాలు, పొద్దస్తమానం ఇతరుల చెవులకు ఫ్రేములు తగిలించడమే పని. ఏడాది తిరగకముందే ఒకనాడు అన్నది:

"నాన్నా, చెవులు సరిచేయించుకుంటాను."

"ఎవరైనా ఏమైనా అన్నారా తల్లీ?"

"అననిదెవరు? నువ్వైతే నవ్వేస్తావు. నాకు నవ్వు రాదు."

అవి నావే కదా అన్న మాట నోటిదాకా వచ్చింది. మేస్త్రి దానిని మింగి, "నేనూ వస్తాను పద," అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె చెవి వెనుక పెన్నుతో గుర్తు పెడుతూ, "ఇక్కడ కోసి, లోపలి మెత్తటి ఎముకను మడిచి కుట్టేస్తాం. చెవి తలకు దగ్గరవుతుంది," అన్నాడు.

"గీత సన్నగా గీయండి బాబూ. మందమైతే కోత పక్కకు పోతుంది."

"మీదీ మా పనేనన్నమాట," అని డాక్టరు నవ్వాడు.

కట్లు విప్పిన కొన్ని వారాలకు, సెలవునాడు ఆమె తండ్రి దుకాణానికి వచ్చింది. మేస్త్రి చేస్తున్న బీరువా అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకొని మురిసింది. ఆ మురిపెం చూసి ఆయన మనసు కుదుటపడింది. చెక్క మీద గీత గీసి, అలవాటు చొప్పున, తలెత్తకుండానే పెన్సిల్‌ను ఆమె చెవి వెనక్కి దోపాడు.

"అబ్బా!"

పెన్సిల్ నేల మీద పడి ముల్లు విరిగింది.

"నొప్పి పెట్టిందా తల్లీ?"

"కొంచెం." ఆమె పెన్సిల్ తీసి అందించింది. "ఇక నిలవదు నాన్నా. సందు లేదు."

ఆనాటి నుండి, తన చెవి మీద పెన్సిల్ చూస్తే బిడ్డ నొచ్చుకొంటుందేమోనని, మేస్త్రి దానిని చొక్కా జేబులోకి మార్చాడు. వంగిన ప్రతిసారీ అది జారి పొట్టులో కలిసేది. వెదుకులాటతోనే సగం పూట గడిచేది.

మరుసటి వారం ఆమె వచ్చేసరికి ఆయన మోకాళ్ల మీద ఉన్నాడు.

"ఏం పోయింది నాన్నా?"

"పెన్సిల్."

"చెవి మీద పెట్టుకోలేదేం?"

ఆమె పక్కన కూర్చొని పొట్టు కెలికి, పెన్సిల్ దొరకబుచ్చుకొని, ఆయన కుడిచెవి వైపు చెయ్యి చాచింది. మేస్త్రి తల వెనక్కి తీసుకొని తన అరచెయ్యి చాపాడు.

"చేతికియ్యి తల్లీ."