రెండో మలుపు దగ్గర రాళ్లు

దయ్యాల కథ చెబుతున్నానని అనుకోకండి. వాటి మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ప్రోగ్రాం పని చేయలేదంటే దానికి ఒక కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది అని పిల్లలకు రోజూ చెప్పే మనిషిని. మా అమ్మ దిష్టి తీస్తానంటే నవ్వుతూ పక్కకు తప్పుకునేదాన్ని. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంత వెతికినా నాకు కారణం దొరకలేదు.

మా నాయన ఊరి బయట పలకరాయి తీసే ఒక చిన్న గని కౌలుకు తీసుకుని నడిపేవాడు. నా తమ్ముడు రవి ఇంటర్ తర్వాత చదువు ఆపేసి ఆ గని పని చూసుకునేవాడు. నాకూ వాడికీ చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి ఒకటే, కంప్యూటర్లో ఆటలు. పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆటలాడటం ఏందని చుట్టాలు అమ్మను అడిగేవాళ్లు. ఆమె ఏం చెప్పి తప్పించుకునేదో నాకు తెలియదు.

మా ఊళ్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ల బాధలు వేరు. పలకల దుమ్ము ఎక్కడికైనా దూరుతుంది. కిటికీలు మూసినా, కంప్యూటర్ మీద పాత చీర కప్పినా, నెల తిరిగేసరికి లోపల ఫ్యాను బూడిద రంగుకు మారి గురకపెట్టేది. అప్పుడు కంప్యూటర్ డబ్బాను బండి మీద ఒళ్లో పెట్టుకుని పంక్చర్ల దుకాణానికి తీసుకుపోయి గాలి కొట్టించేవాళ్లం. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ కీచుమనగానే ఆడుతున్నది సేవ్ చేయడానికి పరుగెత్తేవాళ్లం. బ్యాటరీ అంతకుముందే చచ్చిపోయేది.

సుఖాలూ ఉన్నాయి. హైదరాబాదు నుంచి బస్సు పార్శిల్లో గ్రాఫిక్స్ కార్డు తెప్పించుకున్న రోజు నాకు బాగా గుర్తు. తీరా చూస్తే అది మా డబ్బాలో పట్టలేదు. రవి గని నుంచి కటింగ్ బ్లేడు తెచ్చి లోపలి రేకు కోశాడు. నేను కార్డు అమర్చాను. మొదటిసారి తెర మీద నీళ్లు తళతళలాడుతూ కదిలినప్పుడు ఇద్దరం చాలాసేపు ఏమీ ఆడకుండా ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాం. "కంభం చెరువు మాదిరి ఉండాది కదక్కా" అన్నాడు వాడు.

ఆ రోజుల్లో మేము ఎక్కువగా ఆడిన ఆటలో కొట్టుకోవడాలు, పందేలు ఉండవు. చదరపు దిమ్మెల్లాంటి రాళ్లు, మట్టి, చెక్క తెచ్చి పేర్చుకుంటూ మనకు కావలసినది కట్టుకోవడమే. నా కంప్యూటర్నీ, వాడి పాత కంప్యూటర్నీ ఒక వైరుతో కలిపి ఇద్దరం ఒకే చోట కట్టేవాళ్లం. ఆట మొత్తం నా కంప్యూటర్లోనే సేవ్ అయ్యేది. దానికి ఇంటర్నెట్ కనెక్షన్ లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

మేము కట్టింది మా గనినే. ఆ ఆలోచన రవిది. రోజూ దిగి ఎక్కే చోటు కాబట్టి వాడికి ప్రతి అంచూ తెలుసు. పైన రేకుల షెడ్డు, అక్కడి నుంచి గుంట గోడ వెంబడి మలుపులు తిరుగుతూ అడుగుదాకా దిగే దారి, మా మాటలో దావ, అడుగున ఊట నీళ్లు, ఆ నీళ్లు తోడే మోటారు. అన్నీ పెట్టాం. సెలవులన్నీ దానికే పోయాయి. నాయన ఒకసారి వెనక నిలబడి చూసి, "నిజమైన గనిలో ఇంత శ్రద్ధ ఉంటే బాగుపడేవాళ్లం" అన్నాడు. అయినా కుర్చీ లాక్కుని కూర్చుని, షెడ్డు తలుపు ఏ పక్క ఉండాలో చెప్పి మార్పించాడు.

ఆ సంవత్సరం వానలు ఆలస్యంగా మొదలై వదలకుండా కురిశాయి. ఒక ఆదివారం పొద్దున నేను ఆట తెరిచేసరికి దిగే దావకు అడ్డంగా రాళ్లు ఉన్నాయి. పై నుంచి రెండో మలుపు దగ్గర, మనిషి పోవడానికి వీల్లేకుండా నల్లరాళ్ల కుప్ప. పేర్చినట్టు లేదు, పై నుంచి పోసినట్టు ఏటవాలుగా ఉంది. కుప్ప మీద ఒకే ఒక తెల్లరాయి.

రవి వేళాకోళమనుకున్నాను. రాళ్లన్నీ తీసేసి సేవ్ చేసి మూసేశాను. మర్నాడు తెరిస్తే మళ్లీ అక్కడే, అలాగే ఉన్నాయి. తెల్లరాయితో సహా.

వాడిని అడిగితే తనకేమీ తెలియదన్నాడు. నాకు కోపం వచ్చింది. పాస్‌వర్డ్ మార్చాను. రెండు కంప్యూటర్లను కలిపే వైరు పీకేశాను. రాళ్లు తీసేసి మూస్తే, మళ్లీ తెరిచేసరికి వచ్చేవి. ఆటలోనే ఏదో లోపం ఉందనుకుని దాన్ని పూర్తిగా తీసేసి కొత్తగా వేశాను. చాలా ముందు పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న పాత కాపీ తెచ్చి తెరిచాను. అప్పటికి మేము మోటారు కూడా కట్టలేదు. ఆ పాత కాపీలో మోటారు లేదు గానీ రెండో మలుపు దగ్గర రాళ్లు మాత్రం ఉన్నాయి.

కంప్యూటర్ తెలిసినవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఏ ఫైలునైనా ఎవరైనా తెరిచి మారిస్తే, మార్చిన సమయం దాని మీద పడుతుంది. నేను ఆ ఫైలు మీద సమయం ప్రతిసారీ చూశాను. నేను మూసిన సమయమే ఉండేది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు. లోపల రాళ్లు మాత్రం ఉండేవి. సమయాన్ని దొంగగా మార్చే ఉపాయాలు ఉన్నాయని నాకు తెలుసు. రవికి అవి రావు. వచ్చినా, నా బీరువాలో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి వాడు పోయే దారి లేదు.

అయినా వాడినే అనుమానించాను. అనుమానించడానికి ఇంకెవరూ లేరు మరి. ఒక సాయంత్రం ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నెలల తరబడి పడ్డ కష్టాన్ని పాడు చేస్తున్నావన్నాను.

"నా పని కాదక్కా. అమ్మ మీద ఒట్టు" అన్నాడు. వాడు ఒట్లు పెట్టే మనిషి కాదు. "ఇప్పుడు నా ముందరే తీసెయ్యి. పొద్దున నా ముందరే తెరువు. ఏందో చూస్తాను" అన్నాడు.

అలాగే చేశాం. వాడి కళ్లముందే రాళ్లు తీసి, మూసి, మెయిన్ స్విచ్ ఆపేశాను. ఆ గది తాళం నేనే వేసి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

పొద్దున కాఫీలు తాగి ఇద్దరం కూర్చుని తెరిచాం. రాళ్లు ఉన్నాయి.

రవి నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కుని కుప్ప చుట్టూ తిరిగి చూశాడు. "ఇది సరిగ్గా మన రెండో మలుపే అక్కా. ఇంత పెద్ద కుప్ప నేను ఎప్పుడు పెట్టుంటా?" అన్నాడు. తర్వాత ఒక్కొక్క రాయీ తీయడం మొదలుపెట్టాడు.

అప్పటికే వాడు గనికి పోవాల్సిన వేళ దాటింది. గనిలో రోజూ జరిగేది ఇది. పనివాళ్లు వచ్చి షెడ్డు దగ్గర టీ తాగుతూ ఉంటారు. రవి ఒక్కడే ముందుగా అడుగుకు దిగి మోటారు వేస్తాడు. నీళ్లు తగ్గాక మిగతావాళ్లు దిగుతారు. మోటారు స్టార్టర్ పెట్టె తాళంచెవి వాడి దగ్గరే ఉంటుంది. అందుకే నాయన వరండాలోంచి రెండుసార్లు కేకేశాడు. వస్తున్నానంటాడే గానీ వాడు లేవలేదు. కుప్ప సగం కూడా తరగలేదు.

నా ఫోను మోగింది. గని మేస్త్రీ ఓబులయ్య. నాయనతో సమానంగా మమ్మల్ని ఎత్తుకుని పెంచిన మనిషి. ఆయన గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను. గోడ విరిగి దావ మీద పడిందమ్మా, రవి కింద ఉండాడు, నాయనను తీసుకుని రా అంటున్నాడు.

"రవి ఇక్కడే ఉన్నాడు, నా పక్కనే" అన్నాను.

"ఇంట్లో ఉండాడా? నిజంగా ఇంట్లోనే ఉండాడా తల్లీ?"

ఫోను రవికి ఇచ్చాను. వాడు "మామా" అన్నాడో లేదో, అవతల ఆయన ఏడవడం నాకు వినిపించింది.

ముగ్గురం గనికి పోయాం. దావ మీద రెండో మలుపు దగ్గర గోడ విరిగి పడి ఉంది. వానకు తడిసిన నల్లటి రాళ్లు, పై నుంచి పోసినట్టు ఏటవాలుగా. వాటి మీద తెల్లటి పలుగురాయి బండ ఒకటి. నేను రవి వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. వాడి చెయ్యి నా మోచేతిని పట్టుకుని ఉంది, అంతే.

వానలకు నాని గోడ కూలింది. అందులో వింత లేదు. పలకల గనుల్లో పలుగురాయి చారలు ఉంటాయి, అదీ వింత కాదు. రోజూ దిగే మనిషి మనసులో ఎక్కడో ఆ గోడ మీద భయం ఉండి, అదే వాడికి తెలియకుండా ఆటలో రాళ్లు పెట్టించి ఉండొచ్చు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను.

ఓబులయ్య మాత్రం ఒక మాట మీదే నిలబడ్డాడు. రవి దిగడం తను చూశానన్నాడు. షెడ్డు దగ్గర నిలబడి ఉంటే పక్కనుంచే పోయినాడని, టీ తాగిపోరాదా అంటే చెయ్యి ఊపినాడని, మలుపు తిరిగేదాకా వీపు కనపడిందని చెప్పాడు. రోజూ చూసే చూపు కదా, అలవాటుగా అట్లా అనిపించి ఉంటుంది మామా అని రవి అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నిన్ను నేను ఎరగనా నాయనా. నువ్వు దిగినావు" అన్నాడు.

దిగింది రవి కాకపోతే మరొకరని, వాళ్లు కింద ఉండి ఉంటారని ఆయన పట్టుబట్టాడు. నాయన కాదనలేకపోయాడు. మిషన్ తెప్పించి రాళ్లన్నీ తీయించారు. పనివాళ్లలో ఎవరూ తక్కువ కాలేదు. చుట్టుపక్కల గనుల్లో విచారించారు. కుప్ప కింద గానీ, గని అడుగున గానీ ఎవరూ లేరు. చివరి రాయి తీసేదాకా ఓబులయ్య అక్కడి నుంచి కదల్లేదు.

ఇంటికి వచ్చాక కంప్యూటర్ తెరిచాను. రవి సగం తీసి వదిలేసిన కుప్ప అలాగే ఉంది. మిగతావి నేనే తీసి సేవ్ చేశాను. అవి మళ్లీ రాలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తర్వాత రవి పొద్దున్నే గనికి పోయే ముందు వచ్చి నా వెనక నిలబడేవాడు. నేను ఆట తెరవాలి, గని చుట్టూ తిప్పి చూపించాలి. దావ ఖాళీగా ఉంటేనే బండి తీసేవాడు. కొన్నాళ్లకు అమ్మ కూడా మొదలుపెట్టింది. నాయన గిద్దలూరు పోతున్నా, "ఒకసారి దాంట్లో చూడమ్మా" అనేది. గిద్దలూరు దాంట్లో లేదమ్మా అంటే వినేది కాదు. కరెంటు బిల్లు చూసి సణిగే నాయన తనే పోయి యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ తెచ్చాడు. ఇంట్లో ఎవరూ నన్ను ఆటలు మానమనలేదు. నేనే ఆడలేకపోయాను. దాంట్లో ఒక్క రాయి కొత్తగా పెట్టాలన్నా చేతులు రాలేదు. తెర మీద ఆ నీళ్లు తళతళలాడగానే మూసేసేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టకటకమని శబ్దం వచ్చింది. హార్డ్ డిస్క్ పోయింది. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే అదీ తెరుచుకోలేదు. రెండూ ఒకేసారి పోవడం కూడా జరిగేదే. ఒంగోలు పంపించాను, హైదరాబాదు పంపించాను. ఏమీ రాదని తిప్పి పంపారు.

డిస్క్ పోయిన ఆ పొద్దున రవి మోటారు తాళంచెవి చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "ఇప్పుడెట్లక్కా?" అని అడిగాడు. వాడు బండి ఎక్కలేదు, లోపలికీ రాలేదు. ఎండ వాడి మీదికి వచ్చింది. కాసేపటికి నాయన వచ్చి, వాడి చేతిలోంచి తాళంచెవి తీసుకుని తనే బండి ఎక్కి పోయాడు. ఆ రోజు ఇంట్లో మిగిలిన మా ముగ్గురికీ అన్నం సహించలేదు.

సాయంత్రం నాయన వచ్చి తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటూ, "దావ బాగానే ఉంది" అన్నాడు.

రవి మళ్లీ గనిలోకి దిగలేదు. ఇప్పుడు గిద్దలూరులో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. నేను ఆటలు మళ్లీ ఆడుతున్నాను, అలా పేర్చి కట్టే ఆట తప్ప. ఆ రాళ్లు ఫైలులోకి ఎలా వచ్చాయో తెలిసినవాళ్లు చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. అది ఎవరైనా చెప్పగలరేమో. కానీ టీ తాగిపొమ్మంటే చెయ్యి ఊపి దిగినవాడు ఎవరో, వాడు మళ్లీ పైకి ఎక్కాడో లేదో ఎవరు చెప్పగలరు? ఓబులయ్య మామ ఇప్పటికీ రవిని చూసినప్పుడల్లా మొదట వాడి భుజం మీద చెయ్యి వేసి నొక్కి చూస్తాడు. ఆ తర్వాతే మాట్లాడతాడు.