ఎక్కించవద్దన్న వీడియోలు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు, దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా దాటేశాను. ఏళ్ళ తరబడి మోసి మోసి అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను మా ఆయనకి రెండో భార్యని. మొదటావిడ జ్వరంతో పోయింది. వాళ్ళకో పాప. నేను రామచంద్రపురం కాపురానికి వచ్చేసరికి ఆ పిల్ల రెండో తరగతి చదువుతోంది. నన్ను పిన్నీ అని పిలిచేది, పెట్టింది తినేది, ఎదురు చెప్పేది కాదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వాళ్ళ నాన్న లాప్‌టాప్ ముందు కూర్చునేది. అందులో వాళ్ళమ్మ తీసిన వీడియోలు ఉండేవి. ఆవిడ ఎక్కడా కనపడదు, తీసేది ఆవిడే కదా. గొంతు మాత్రం వినపడేది. "ఇంకొక్క ముద్ద, నా తల్లి కదూ." వంటింట్లో అంట్లు తోముకుంటూ నేనూ వినేదాన్ని. లాప్‌టాప్ పాతదైపోయి వీడియో ఆగి ఆగి నడిచేది. ఆగినప్పుడల్లా పాప కదలకుండా, అది మళ్ళీ నడిచేదాకా చూస్తూ కూర్చునేది.

అసూయా? పోయిన మనిషి మీద అసూయేంటి? అప్పట్లో నేను దానికి ఆ పేరు పెట్టుకోలేదు. ఇల్లు నాదవ్వాలని మాత్రం అనుకున్నాను.

లాప్‌టాప్ వేగంగా నడవడానికి పాత హార్డ్ డిస్క్ తీయించి, ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్ వేయించమన్నారు మా ఆయన. ఆయన మండపేటలో రైస్ మిల్లు గుమాస్తా. కోతల రోజులు, తీరిక లేదు. నేనే పట్టుకెళ్ళాను. రిపేరు షాపు సూరిబాబు గారు విప్పి చూసి అడిగారు.

"కొత్తదాంట్లో చోటు తక్కువండి, అన్నీ పట్టవు. వీడియోలే చోటంతా తినేస్తున్నాయి. ఏం చేయమంటారు?"

"వీడియోలు వద్దండి. మిగతావి ఎక్కించండి."

"పోనీ పాత డిస్క్ మీకిచ్చేస్తానండి. కేబుల్ పెట్టుకుని చూసుకోవచ్చు."

"అక్కర్లేదండి. చెరిపేసి మీరే వాడుకోండి."

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. "పాపవి ఉన్నట్టున్నాయండి."

"తెలుసండి," అన్నాను.

పొరపాటున జరిగిందని నాకు నేను చెప్పుకునే వీలు కూడా లేకుండా చేసింది ఆ ఒక్క మాటే.

ఆదివారం పాప లాప్‌టాప్ తెరిచింది. చిటికెలో తెరుచుకుంది. వెతికింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి, "పిన్నీ, అమ్మేది?" అని అడిగింది.

షాపులో ఏదో అయ్యుంటుందన్నాను.

మర్నాడు మా ఆయన నన్ను వెంటబెట్టుకెళ్ళి సూరిబాబు గారిని నానా మాటలూ అన్నారు. సూరిబాబు గారు నా వైపు చూశారు. నేను రోడ్డు మీద పోతున్న కొబ్బరికాయల లారీ వైపు చూశాను. "ఎక్కలేదండి. పొరపాటు నాదే," అన్నారు. ఎందుకన్నారు? నా కాపురం గురించి ఆలోచించారా, లేక నా మొహం చూసి జాలిపడ్డారా? ఆ జాలి ఇప్పటికీ మింగుడు పడదు. తర్వాత మా ఆయన కనపడ్డ వాళ్ళందరికీ ఆ షాపుకి వెళ్ళొద్దని చెబుతుంటే పక్కన నిలబడి తలూపాను. కొన్నాళ్ళకి షాపు మూతపడింది. మా వల్లేనో కాదో తెలియదు. సూరిబాబు గారు యానాంలో ఎక్కడో పనికి కుదిరారని విన్నాను. వెళ్ళి కనపడే ధైర్యం లేకపోయింది.

పాప ఇప్పుడు కాకినాడలో చదువుకుంటోంది. మొన్న ఇంటికొచ్చినప్పుడు నాచేత జడ వేయించుకుంటూ అంది. "అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదు పిన్నీ. ఎంత తలుచుకున్నా నీ గొంతే వస్తోంది."

నేను కోరుకున్నది అదే కదా? దొరికింది. జడ అల్లుతూనే ఉన్నాను.

ఆవిడ గొంతు నాకు బాగా గుర్తుంది. కొంచెం బొంగురు, మాట చివర చిన్న నవ్వు. అంతవరకూ పాపకి చెప్పొచ్చు, తప్పేమీ లేదు. కానీ నోరు తెరిస్తే అక్కడితో ఆగలేనని భయం వేసింది.

ఎప్పటికైనా చెబుతానని మీకు మాటివ్వలేను. చెబితే ఆ పిల్ల క్షమించేస్తుంది, అలాంటిది. ఆ క్షమ అందుకునే మొహం నాకు లేదు.

సూరిబాబు గారు పోగొట్టలేదు. తెలిసే, నేనే చెరిపించాను. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.