పిన్ను కొట్టిన ఫోటో

ముందుగా నాకు ఖాయంగా తెలిసినవి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తయిన ఏడాది, గుంటూరు శివార్లలో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థ ప్రయోగశాలలో ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. నేను తయారు చేసిన రెజ్యూమే రెండు పేజీలు. దాని మీద ఫోటో లేదు. నా ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా తెల్లటి బొల్లి మచ్చ ఉంది. ఇంటర్‌లో మొదలై, డిగ్రీ చివరికి పెరగడం ఆగింది.

ఇక విన్నవి. ఫోటో లేని రెజ్యూమేను చదవకుండానే పక్కన పడేస్తారని మా మేనమామ చెప్పాడు. ఆయనకు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమాస్తా చెప్పాడు. గుమాస్తాకు ఎవరు చెప్పారో తెలియదు. ఫోటో ఉంటేనే పక్కన పడేస్తారని హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి చెప్పింది. ఆమె ఫోన్లో ఒక వీడియో చూసింది. అందులో మాట్లాడినాయన ఏ దేశం సంగతి చెబుతున్నాడో గమనించలేదు. ఒకే చోట ఈ రెండు మాటలూ నిజం కాలేవు. రెండూ అబద్ధం కావడానికి మాత్రం అడ్డేమీ లేదు. అందుకని ఫోటో మానేశాను. ఆ నిర్ణయంలో తర్కం పాలెంతో, మచ్చ పాలెంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఈ ఉద్యోగం రాకపోతే పొన్నూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాలని ఇంట్లో అప్పటికే మాట అయిపోయింది. చేరితే మళ్లీ ప్రయోగశాల మెట్లెక్కడం ఉండదని నాకు తెలుసు. మా సీనియర్లలో అట్లా వెళ్లి తిరిగి వచ్చినవాళ్లను నేను చూడలేదు.

దరఖాస్తులు గేటు దగ్గర ఆఫీసులో ఇవ్వాలన్నారు. మామయ్య ఎలాగూ యార్డుకు మిర్చి కాయ తోలుతున్నాడు కనుక కవరు ఆయన చేతికిచ్చాను. పది రోజులకు ఇంటర్వ్యూకి రమ్మని ఫోన్ వచ్చింది.

ప్రయోగశాల అధికారిణికి యాభై దాటి ఉంటాయి. ఆమె బల్ల మీద ఉన్న నా రెజ్యూమే మొదటి పేజీకి ఒక ఫోటో పిన్ను కొట్టి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. మామయ్య కూతురి పెళ్లిలో తీసింది. ఊళ్లో స్టూడియో అతను ఎవరూ అడగకుండానే నా మచ్చను కంప్యూటర్లో తుడిచేశాడు. అది అతని దృష్టిలో మర్యాద. పాస్‌పోర్టు సైజుకు కత్తిరించినా ఒక అంచున పెళ్లికూతురి పూలజడ కొంచెం మిగిలిపోయింది.

ఆమె ఫోటోను చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోటోను చూసింది.

"ఇది మీరేనా?"

"నేనేనండి. కానీ నా ముఖం అట్లా ఉండదు. స్టూడియోలో మచ్చ తీసేశారు."

"మరి ఎందుకు పెట్టారు?"

"నేను పెట్టలేదండి. నేనిచ్చిన కాగితానికి ఫోటో లేదు."

"దానంతటదే వచ్చి పిన్ను కొట్టుకుందా?"

"కాగితం మా మామయ్య తెచ్చిచ్చాడండి. ఆయన పనే అయ్యుంటుంది. నేనూ ఇప్పుడే చూశాను, ఇంకా అడగలేదు."

ఆమె నవ్వలేదు. "బాగానే ఉందమ్మా. మొదటి పేజీలో ముఖమే నిజం కాకపోతే, రెండో పేజీలో ప్రాజెక్టు మీరే చేశారని నేనెట్లా నమ్మను?"

ప్రశ్న సరైనదే. ఆమె కుర్చీలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

"నమ్మొద్దండి. ఏదైనా పనిచ్చి చూడండి," అన్నాను.

ఆమె నన్ను గోడౌనుకు తీసుకెళ్లింది. అక్కడ ఒక రైతు లాటు తాలూకు టిక్కీలు, అంటే మిర్చి నింపిన గోనె సంచులు, వరసగా పేర్చి ఉన్నాయి. రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు. లాటులో తాలు ఎంతుందో ఒక చీటీ మీద రాసి ఉంది. ఆ అంకె సరైనదో కాదో తేల్చమని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

మా వైపు సంచి మూతి దగ్గర ఎర్రటి కాయ పేరుస్తారు. దీన్ని ఎవరూ మోసం అనుకోరు, కొనేవాళ్లకూ తెలుసు. నేను నాలుగు టిక్కీలు ఎంచి, బోర్లించమని హమాలీని అడిగాను.

"మూతి కాడ తీసుకోండమ్మా. అందరూ ఆడే తీస్తారు."

"అడుగునా, మధ్యలోనా కూడా కావాలండి."

"మళ్లీ నింపేదెవరు? మీరా?"

"నేనే నింపుతాను."

"అయితే మొహానికి గుడ్డ కట్టుకోండి. తుమ్మి తుమ్మి చస్తారు."

తుమ్మాను. కాయను కుప్ప పోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచి, తక్కినవి తీసేశాను. కొద్దిగా మిగిలేదాకా మళ్లీ మళ్లీ అట్లాగే చేశాను. తాలు ఏరి తూచాను. చీటీ మీది అంకెకు రెట్టింపు పైనే వచ్చింది. మళ్లీ తూచినా అంతే. ఫలితం రాసి, కింద ఒక వాక్యం చేర్చాను: నాలుగు సంచులే చూశాను కనుక ఇది లాటు మొత్తానికి వర్తిస్తుందని చెప్పలేను. ఆమె ఫలితం కన్నా ఆ వాక్యం దగ్గరే ఎక్కువసేపు ఆగింది. పై సోమవారం నుంచి రమ్మంది.

సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన దాచలేదు.

"పెట్టాను. పెట్టబట్టే పిలిచారు కోడలా!"

"దాని వల్ల ఉద్యోగం పోయేది మామయ్యా. అక్కడి మేడం నన్ను దొంగను చూసినట్టు చూసింది."

"పోలేదుగా. ఏ రైతన్నా మూతి కాడ తాలు పెట్టి టిక్కీ విప్పుతాడటే?"

"కొనేవాడు లోపల చెయ్యి పెడతాడుగా."

"పెట్టనీ. చెయ్యి పెట్టాలంటే ముందు మన లాటు కాడ ఆగాలా వద్దా?" అని గొంతు తగ్గించాడు. "నీ మొహానికేదో తక్కువని కాదమ్మా."

ఆ పోలిక నాకు నచ్చలేదు. కాయ తెల్లబడటానికీ చర్మం తెల్లబడటానికీ కారణాలు వేరు. కానీ ఆగడం గురించి ఆయన అన్నది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది.

ఉద్యోగంలో కుదురుకున్నాక జవాబు కోసం ప్రయత్నించాను. గేటు ఆఫీసులో దరఖాస్తులు వడకట్టిన గుమాస్తాను అడిగాను. ఎట్లా ఏరావన్నాను. "ఏముంది మేడం, చూసి బాగున్నవి పైన పెట్టా," అన్నాడు. బాగుండటమంటే ఏమిటంటే నవ్వాడు. ఇంటర్వ్యూకి పిలవకుండా వదిలేసినవాళ్ల కాగితాలు చూపించమన్నాను. చిత్తుకాగితాలవాడికి వేసేశామన్నాడు. వాటిలో ఎన్నింటికి ఫోటోలున్నాయో అతనికి గుర్తులేదు.

మామయ్య నేనిచ్చినట్టే, ఫోటో లేకుండా ఇచ్చి ఉంటే నన్ను పిలిచేవారా? ఇది నాకు తెలియదు, ఇకముందు తెలిసే దారీ లేదు. తేల్చాలంటే అదే రెజ్యూమే, అదే రోజు, అదే గుమాస్తా ముందుకు రెండు విధాలుగా వెళ్లి ఉండాలి. వెళ్లింది ఒక్కటే, అదీ ఫోటోతో.